గొంతులో గొట్టం వేయకుండా శ్వాసనాళాల వాపు ఎంతుందో ఎలా తెలుసుకోవాలి?

మా పీఎఫ్‌టీ గదికి, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలు చేసే గదికి, వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు ఏళ్లు గడిచినా మారడం లేదు. మొదటిది: "పోయిన వారమే ఊదించారు కదా, మళ్లీ ఇంకో మెషీన్‌లో ఊదమంటారేంటి?" రెండోది: "నంబరు ఎక్కువొస్తే ఆస్తమా ఉన్నట్టేనా?" మూడోది మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు: "కెమెరా గొట్టం లోపలికి వేస్తారా?" అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి ఇది రాస్తున్నాను.

ముందు మూడోదానికి జవాబు. వేయరు. ఆ కెమెరా గొట్టం పరీక్షను బ్రాంకోస్కోపీ అంటారు, దాని అవసరాలు వేరే ఉన్నాయి. ఇక్కడ చెప్పే పరీక్షలకు మీ ఊపిరి, మీ దగ్గు, ఒక చిన్న ట్యూబు రక్తం చాలు.

మొదటిదానికి వస్తే, స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష, శ్వాసనాళం ఎంత ఇరుకైందో చెబుతుంది. ఎందుకు ఇరుకైందో చెప్పదు. కండరం బిగుసుకుని ఉండొచ్చు, గోడ వాచి ఉండొచ్చు, కఫం అడ్డం పడి ఉండొచ్చు. ఒక్కోసారి లోపల వాపు ఉన్నా ఆ పూటకి నాళం తెరుచుకునే ఉంటుంది. రిపోర్టు నార్మల్ అని వస్తుంది, ఇంటికెళ్లిన పది రోజులకే అర్ధరాత్రి ఆయాసం ఎత్తుకుంటుంది. ఆ వాపును, అందులోనూ స్టీరాయిడ్ ఇన్‌హేలర్‌కు లొంగే రకం వాపును పట్టుకోవడానికి ఫీనో (ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే పరీక్ష), ఈసినోఫిల్ కౌంట్ (రక్తంలో ఒక రకం తెల్ల కణాల లెక్క), కళ్లె కణాల పరీక్ష పనికొస్తాయి. ఇక రెండో ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు, కిందంతా అదే.

ముందుగా ఒక హెచ్చరిక. వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, ఆక్సిమీటర్‌లో 92 కన్నా తక్కువ రావడం, ఇన్‌హేలర్ పీల్చినా తేడా లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా పరీక్షల సంగతి పక్కన పెట్టి కాజువాలిటీకి వెళ్లండి. ఈ వ్యాసం కాస్త నిమ్మళంగా ఉన్న రోజు కోసం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో, ఇన్‌హేలర్లతో సహా ఒక సంచిలో. "ఆరెంజ్ కలర్ది, బ్లూ కలర్ది" అంటే మాకు సగమే తెలుస్తుంది.
- గత ఏడాది, రెండేళ్లలో చేయించిన సీబీపీ (రక్త కణాల పరీక్ష) రిపోర్టులు. జ్వరానికి చేయించినవి అయినా సరే.
- పీక్ ఫ్లో మీటరు (ఎంత వేగంగా ఊదగలరో చూపే చిన్న గొట్టం), ఒక చిన్న నోట్‌బుక్.
- గత నెల రోజుల్లో వేసుకున్న స్టీరాయిడ్ బిళ్లలు, ఇంజెక్షన్ల లెక్క. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఆయాసం ఇంజెక్షన్" చేయించుకుని ఉంటే అది కూడా రాయండి. అందులో చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టీరాయిడ్ ఉంటుంది. పేరులేని పొట్లం పొడులు వాడుతుంటే దాచకండి, తిట్టం.

1. ఇంట్లో రెండు వారాలు పీక్ ఫ్లో రాయండి

ఇది నేరుగా వాపును కొలవదు. కానీ వాచిన నాళం రోజంతా ఒకేలా ఉండదు, పొద్దున బిగుసుకుంటుంది, సాయంత్రానికి కాస్త వదులవుతుంది. ఆ ఊగిసలాట ఎంతో చెప్పే పరికరాల్లో ఇంతకన్నా చవకైనది లేదు.

పొద్దున లేవగానే, ఇన్‌హేలర్ వాడకముందే, నిలబడి మూడుసార్లు గట్టిగా ఊదండి. మూడింటిలో పెద్దది రాయండి. సగటు తీయొద్దు. సాయంత్రం మళ్లీ అంతే. ఆ రోజు తేడాను ఆ రోజు సగటుతో భాగించి వందతో గుణించండి. ఉదాహరణకు పొద్దున 320, సాయంత్రం 380 అనుకుందాం. తేడా 60, సగటు 350, అంటే 17 శాతం. ఇలా రోజూ లెక్కకట్టి రెండు వారాల సగటు చూస్తే పెద్దవాళ్లలో 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటడం మామూలు సంగతి కాదు. డాక్టరుకు చూపించాల్సిన సంగతి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి రెండు రోజులు ఊదడం సరిగ్గా రాదు, మూడో రోజు నుంచి నంబరు పెరుగుతుంది. అది మందు పనిచేసి పెరిగింది కాదు, చేయి తిరిగి పెరిగింది. మొదటి రెండు రోజులు కొట్టేయండి. ఇంకొకటి: డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చుని పద్నాలుగు రోజులూ ఒకే పెన్నుతో నింపేసేవాళ్లుంటారు. ఆ కాగితం చూడగానే మాకు తెలిసిపోతుంది. అన్నీ 350, 350, 350.

2. పాత సీబీపీలు తీసి ఈసినోఫిల్ లెక్క మీరే కట్టండి

మన ఊళ్లలో "ఈస్నోఫీలియా" అంటే ఒక జబ్బు పేరు. "చిన్నప్పటి నుంచి నాకు ఈస్నోఫీలియా ఉంది" అని చెప్పుకుంటారు. నిజానికి అది రక్తంలో ఒక రకం తెల్ల కణాలు ఎక్కువున్నాయని చెప్పే మాట మాత్రమే. ఎందుకు ఎక్కువున్నాయన్నది వేరే వెతకాలి.

రిపోర్టులో శాతం చూసి మోసపోకండి. టోటల్ కౌంట్‌ను (మొత్తం తెల్ల కణాల సంఖ్యను) ఈసినోఫిల్ శాతంతో గుణించి వందతో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. దాన్నే ల్యాబుల్లో ఏఈసీ అంటారు. టోటల్ కౌంట్ 9,000, ఈసినోఫిల్స్ 4 శాతం ఉంటే 360. టోటల్ కౌంట్ 4,500, శాతం 6 ఉంటే 270. శాతం చూస్తే రెండోది ఎక్కువ, కణాలు లెక్కపెడితే మొదటిదే ఎక్కువ.

ఎంతుంటే ఎంత? ఎక్కువ డోసు ఇన్‌హేలర్ వాడుతున్నా అదుపులోకి రాని తీవ్ర ఆస్తమాలో 150 లేదా ఆపైన ఉంటే ఈసినోఫిల్ రకం వాపు ఉండొచ్చని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతాయి. పొగతాగేవాళ్లకు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకు వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బులో లెక్క వేరు. అక్కడ 300 దాటితే స్టీరాయిడ్ ఇన్‌హేలర్ వల్ల లాభం ఉండే అవకాశం ఎక్కువ, 100 లోపుంటే చాలా తక్కువ.

ఇక్కడ జాగ్రత్తలు:

ఒక్క డోసు స్టీరాయిడ్ బిళ్ల పడినా కొన్ని గంటల్లోనే ఈ కణాలు రక్తంలో బాగా పడిపోతాయి. వైసోలోన్ (స్టీరాయిడ్ బిళ్ల) వేసుకుంటున్న వారంలో తీసిన రిపోర్టు "నార్మల్" అంటే అది మందు నార్మల్. అందుకే ఎటాక్‌తో కాజువాలిటీకి వెళ్లినప్పుడు, వీలుంటే స్టీరాయిడ్ ఇవ్వకముందే సీబీపీకి రక్తం తీయమని అడగండి. వీలుకాకపోతే వదిలేయండి. రక్తం కోసం మందు ఆపడం ఎక్కడా లేదు.

ఒకే రోజులో కూడా ఈ సంఖ్య మారుతుంది, రాత్రి ఎక్కువ, పగలు తక్కువ. పోల్చాలంటే ఇంచుమించు ఒకే వేళలో తీసిన రక్తాన్నే పోల్చండి. ఒక్క రిపోర్టును పట్టుకోవద్దు, రెండు మూడు కలిపి చూడండి.

పొట్టలో నులిపురుగులు, కొంకిపురుగులు ఉన్నా, చర్మం అలర్జీ ఉన్నా ఈసినోఫిల్స్ పెరుగుతాయి. ఇక సంఖ్య 3,000 దాటి, రాత్రిపూట పొడిదగ్గు, ఆయాసం ఉంటే, అందులోనూ బోదకాలు ఉన్న ప్రాంతాల వాళ్లయితే, ఫైలేరియా పురుగుకు ఊపిరితిత్తులు ఉలిక్కిపడటం వల్ల వచ్చే ట్రాపికల్ ఈసినోఫీలియా ఒకటుంది. దాని వైద్యం వేరు, డీఈసీ బిళ్లలతో. పాతకాలం వాళ్లకు హెట్రజాన్ అంటే గుర్తుకొస్తుంది. అయితే కౌంట్ 500 ఉన్న ప్రతివాళ్లూ ఆ బిళ్లలు కొనుక్కుని వేసుకోవడం తప్పు. ఈ అలవాటు ఇంకా పోలేదు.

3. ఫీనో పరీక్షకు ముందు రోజు నుంచే సిద్ధం కండి

ఫీనో అంటే ఊపిరి వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలవడం. మనిషి ఊపిరిలో ఈ వాయువు ఉందని 1991లో స్వీడన్‌లో కనిపెట్టారు. ఆస్తమా వాళ్లలో ఎక్కువగా ఉంటుందని రెండేళ్లకు తేలింది. అలర్జీ రకం వాపు ఉన్నప్పుడు నాళాల లోపలి పొర దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. అంతకుమించి థియరీ మీకు అక్కర్లేదు.

నా అనుభవంలో తప్పుడు ఫీనో నంబర్లలో ఎక్కువ భాగం మెషీన్ దగ్గర పుట్టవు, ఇంటి దగ్గరే పుడతాయి.

*తిండి.* పాలకూర, తోటకూర, బీట్‌రూట్, ముల్లంగి, లెట్యూస్ వీటిలో నైట్రేట్ ఎక్కువ. తిన్న కొన్ని గంటల పాటు ఫీనో పెరిగి కనిపిస్తుంది. ముందు రోజు రాత్రి భోజనం నుంచే మానేస్తే గొడవ ఉండదు. ఒకసారి రిటైరైన మాస్టారొకాయన వచ్చారు, చక్కగా ఊదారు, 58 వచ్చింది. మందు సరిగ్గా వాడుతున్న మనిషి, పీక్ ఫ్లో కూడా నిలకడగా ఉంది. ఏం తిన్నారంటే ఏమీ తినలేదన్నారు. నిజమే, తినలేదు. పొద్దున వాకింగ్ అయ్యాక పార్కు గేటు దగ్గర పెద్ద గ్లాసు బీట్‌రూట్ జ్యూస్ తాగారు. వారం తర్వాత జ్యూస్ లేకుండా వస్తే 31.

*పరీక్షకు గంట ముందు నుంచి* ఏమీ తినొద్దు, తాగొద్దు, కాఫీ టీలతో సహా. వ్యాయామం వద్దు. ఆసుపత్రిలో లిఫ్టు పాడై మూడంతస్తులు ఎక్కి వస్తే కాసేపు కూర్చుని తర్వాత ఊదండి. ముందు రోజు మందు పార్టీ ఉంటే వాయిదా వేసుకోండి.

*సిగరెట్, బీడీ, చుట్ట.* కనీసం గంట ముందు నుంచి ముట్టొద్దు. రోజూ తాగేవాళ్లకు ఆ గంట మానినా నంబరు తక్కువగానే వస్తుంది. "చూశారా, నాకు వాపే లేదు" అని సంబరపడకండి. పొగ ఆ నంబరును కింద తొక్కి పట్టింది.

*జలుబు.* వైరస్ జలుబు నంబరును పెంచేస్తుంది. పూర్తిగా తగ్గాక రండి. దూరం నుంచి వచ్చి ఇక వెనక్కి వెళ్లలేకపోతే చేయించుకోండి కానీ, రిపోర్టు మీద "జలుబు ఉంది" అని రాయించండి. తుమ్ములు, ముక్కు దురద ఉండే అలర్జీ జలుబు కూడా నంబరును కొంత పెంచుతుంది, కానీ అది తగ్గేదాకా ఆగక్కర్లేదు, చెబితే చాలు.

*ఇన్‌హేలర్.* ఆపొద్దు. ఇది పెద్దక్షరాల్లో రాయాలనిపిస్తుంది. "పరీక్ష కదా అని మూడు రోజులు ఆపాను" అనేవాళ్లు వారానికి ఒకరైనా తగులుతారు. డాక్టరు ప్రత్యేకంగా ఆపమంటే తప్ప స్టీరాయిడ్ ఇన్‌హేలర్ మామూలుగానే వాడండి. చివరిసారి ఏ టైముకు వాడారో చెప్పండి. స్పైరోమెట్రీ కూడా ఉంటే ఆస్తాలిన్ లాంటి, నాళాన్ని వదులు చేసే ఇన్‌హేలర్లు ఎన్ని గంటలు ఆపాలో ల్యాబు వాళ్లనే ముందు రోజు ఫోన్ చేసి అడగండి. అప్పుడే ఫీనో మెషీన్ ఉందా, సెన్సర్ పనిచేస్తోందా, ఎంత తీసుకుంటారు అనేవి కూడా అడిగేయండి. ఇది ప్రతి ఊళ్లో ఉండదు, ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

4. పరీక్షల వరుస అడగండి

ఒకే రోజు అన్నీ ఉంటే వరుస ఇలా ఉండాలి: ముందు ఫీనో, తర్వాత స్పైరోమెట్రీ, తర్వాత ఆస్తాలిన్ ఇచ్చి మళ్లీ స్పైరోమెట్రీ, కళ్లె పరీక్ష ఉంటే చివర్లో. రక్తం ఎప్పుడు తీసినా ఫర్వాలేదు.

స్పైరోమెట్రీలో గట్టిగా ఊదాక ఫీనో కాసేపు తగ్గిపోతుంది. నేను కొత్తలో ఈ పొరపాటు చేశాను. ఫీనో దగ్గర క్యూ పెద్దగా ఉండి స్పైరోమెట్రీ ఖాళీగా ఉంటే వచ్చినవాళ్లను ముందు దానికి పంపేవాడిని. రెండు వారాలు అలా గడిచాక మా డాక్టరుగారు "ఈ మధ్య అందరికీ వాపు తగ్గిపోయిందేంటయ్యా" అన్నారు. కాబట్టి మిమ్మల్ని ముందు స్పైరోమెట్రీకి పిలిస్తే, మర్యాదగానే, "ఫీనో ముందు చేయరా అండీ?" అని అడగండి.

5. ఊదే పద్ధతి

స్పైరోమెట్రీ అలవాటైనవాళ్లే దీన్ని ఎక్కువగా పాడుచేస్తారు. అక్కడ ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు ఊదాలి. ఇక్కడ సాసర్‌లో పోసిన టీని చల్లార్చినట్టు ఊదాలి.

అ) కుర్చీలో నిటారుగా కూర్చోండి. ముక్కుకు క్లిప్పు పెట్టరు, పెడితే వద్దనండి. నోరు పక్కకు తిప్పి లోపలి గాలి అంతా వదిలేయండి.

ఆ) పెదాలు గొట్టం చుట్టూ బిగించి, మెషీన్ నుంచే నిండుగా గాలి పీల్చండి. మెషీన్ ఫిల్టరు బయటి గాలిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను వడకడుతుంది. ముక్కుతో పీలిస్తే ఆ ఫిల్టరు దండగ, పైగా ముక్కు లోపలి గదుల్లో ఈ వాయువు విపరీతంగా ఉంటుంది.

ఇ) పీల్చాక ఊపిరి బిగబట్టొద్దు. వెంటనే వదలడం మొదలుపెట్టండి.

ఈ) నెమ్మదిగా, ఒకే వేగంతో, పెద్దవాళ్లు 10 సెకన్లు, పిల్లలు 6 సెకన్లు. స్క్రీన్ మీద బెలూనో మబ్బో కనిపిస్తుంది, అది గీతల మధ్యలోనే తేలుతుండాలి. సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగం కావాలి. గట్టిగా ఊదితే వాయువు పలచబడి నంబరు తగ్గుతుంది, మరీ మెల్లగా ఊదితే పెరుగుతుంది.

ఉ) బుగ్గలు ఉబ్బించొద్దు. గొట్టం పెట్టే చిన్న అడ్డంకికి ఎదురు ఊదుతుంటే అంగిలి వెనక తలుపు దానంతట అదే మూసుకుని ముక్కు గాలి కలవకుండా చేస్తుంది. మధ్యలో ఆగితే ఆ తలుపు తెరుచుకుంటుంది.

మెషీన్ ఒప్పుకోకపోతే కంగారు పడకండి. ఒకటి రెండుసార్లు తప్పడం మామూలే. ఐదారుసార్లు కుదరకపోతే పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఐదారేళ్ల లోపు పిల్లలకు ఇది చాలా కష్టం. అమ్మానాన్నలు పక్కన నిలబడి "ఊదు, ఊదు, గట్టిగా" అని అరవడం వల్ల ఇంకా కష్టం. సబ్బు బుడగలు ఊదించి ఇంట్లో రెండు రోజులు అలవాటు చేస్తే సగం పని అయిపోతుంది.

ఫలితం సరైనదో కాదో తెలియాలంటే రెండోసారి ఊదడమే మార్గం. రెండు నంబర్లూ 10 శాతం తేడాలోపు ఉంటే నమ్మొచ్చు. చిన్న మెషీన్లలో మామూలుగా ఒకసారే చేస్తారు, అదీ సరిపోతుంది. కానీ నంబరు మీ పరిస్థితికి అసలు పొసగకపోతే ఇంకోసారి చేయమని అడగండి.

6. ఫీనో నంబరు చదవడం

నంబరు పీపీబీలో ఉంటుంది, అంటే వంద కోట్ల గాలి రేణువుల్లో ఎన్ని అని. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో పెట్టిన గీతలనే చాలామంది ఇప్పటికీ వాడుతున్నారు:

- పెద్దవాళ్లలో 25 లోపు తక్కువ, 25 నుంచి 50 మధ్యస్థం, 50 పైన ఎక్కువ.
- పన్నెండేళ్ల లోపు పిల్లల్లో 20 లోపు తక్కువ, 20 నుంచి 35 మధ్యస్థం, 35 పైన ఎక్కువ.

ఇంకోచోట ఇంకో గీత కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎక్కువ డోసు ఇన్‌హేలర్ వాడుతున్న తీవ్ర ఆస్తమా వాళ్లలో 20 వచ్చినా లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే అంత మందు వాడుతున్నా అది మిగిలింది.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. నంబరు ఒక్కటే ఆస్తమా ఉందనీ లేదనీ చెప్పదు. లక్షణాలతో, మందుతో కలిపి చదవాలి.

*లక్షణాలున్నాయి, స్టీరాయిడ్ ఇన్‌హేలర్ ఇంకా మొదలుపెట్టలేదు, నంబరు ఎక్కువ:* ఇన్‌హేలర్ బాగా పనిచేసే అవకాశం ఉంది. ఇదే తేలిగ్గా అర్థమయ్యే పరిస్థితి.

*ఇన్‌హేలర్ వాడుతున్నారు, అయినా ఎక్కువ:* డోసు పెంచమని అడిగే ముందు నిజాయితీగా చూసుకోండి. రోజూ వాడుతున్నారా? రోటాహేలర్‌లో (పొడి మందు పీల్చే పరికరంలో) క్యాప్సూల్ పగిలిందా? పంపు రకమైతే స్పేసర్ (పంపుకు తగిలించే డబ్బా) వాడుతున్నారా? ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ డాక్టర్లు ఒక తమాషా చేశారు. మందు వాడినా ఫీనో తగ్గని వాళ్లకు కొన్ని రోజులు కళ్ల ముందే ఇన్‌హేలర్ ఇప్పించి రోజూ కొలిచారు. ఇంట్లో సరిగ్గా వాడనివాళ్ల నంబరు ఆ కొద్ది రోజుల్లోనే గబగబా దిగిపోయింది. వాడుతున్నామన్న మాట నిజమైనవాళ్లది అంతగా దిగలేదు. మీరూ ఇంట్లో ఈ పని చేసుకోవచ్చు, ఒక వారం పాటు ఇంకొకరి ఎదురుగా పీల్చండి, తర్వాత మళ్లీ కొలిపించుకోండి. అప్పటికీ తగ్గకపోతే ఇంట్లో బొద్దింకలు, తడి గోడల బూజు, పరుపు దుమ్ము, పిల్లి, పావురాల వైపు చూడాలి.

*దగ్గు, ఆయాసం ఉన్నాయి, నంబరు తక్కువ:* ఆస్తమా లేదని కాదు. పొగతాగేవాళ్లలో, బాగా లావుగా ఉన్నవాళ్లలో, ఇంకో రకం కణాలతో వచ్చే వాపులో తక్కువే వస్తుంది. అయితే గ్యాస్ పైకి తన్నడం, గుండె, టీబీ, స్వరపేటిక ఇబ్బంది లాంటివి కూడా వెతకమని డాక్టరుకు ఇది చెబుతుంది.

*లక్షణాలు లేవు, ఇన్‌హేలర్ వాడుతున్నారు, నంబరు తక్కువ:* మందు పనిచేస్తోంది. ఈ రిపోర్టు చూసి మందు మానేసేవాళ్లు మళ్లీ మా దగ్గరకు వస్తారు, ఈసారి పిల్లికూతలతో.

పాత నంబరుతో పోల్చేటప్పుడు ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి. 50 పైన ఉన్న నంబరు 20 శాతం కన్నా ఎక్కువ మారితేనే మార్పు. 50 లోపుంటే 10 పీపీబీ కన్నా ఎక్కువ మారాలి. 70 నుంచి 54కు రావడం నిజమైన తగ్గుదల. 34 నుంచి 28కి రావడం ఏమీ కాదు, స్వీట్లు పంచక్కర్లేదు.

రిపోర్టు చేతికి వచ్చాక తేదీ, టైము, మెషీన్ పేరు, వాడుతున్న మందులు, పొగ అలవాటు దాని మీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీరే పెన్నుతో రాసుకోండి. ఆరు నెలల తర్వాత గుర్తుండవు.

7. కళ్లె కణాల పరీక్ష, అవసరమైతేనే

కళ్లె పరీక్ష, తెలంగాణ వైపు తెమడ పరీక్ష అనగానే అందరికీ టీబీయే గుర్తొస్తుంది. ఇది వేరు. ఇక్కడ క్రిముల్ని వెతకరు, కణాల్ని లెక్కపెడతారు. వాపు ఏ రకమో అన్నిటికన్నా సూటిగా చెప్పేది ఇదే, కానీ శ్రమ ఎక్కువ, చేసే చోట్లు తక్కువ. 1990ల మొదట్లో కెనడాలోని హామిల్టన్‌లో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 74 మంది మీద ఏడాది పాటు చూస్తే, కళ్లెలోని ఈసినోఫిల్స్‌ను బట్టి మందు సరిచేసిన వాళ్లకు తీవ్రమైన ఎటాక్‌లు తక్కువగా వచ్చాయి. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి.

కళ్లె దానంతట అదే పడితే సరే. పడకపోతే తెప్పిస్తారు. ముందు సాల్బుటమాల్ (ఆస్తాలిన్‌లో ఉండే మందు) ఇచ్చి పది పదిహేను నిమిషాలు ఆగి స్పైరోమెట్రీ చూస్తారు. తర్వాత మామూలు సెలైన్ కన్నా గాఢమైన, 3 నుంచి 5 శాతం ఉప్పు నీటిని నెబ్యులైజర్‌తో ఐదేసి, ఏడేసి నిమిషాల చొప్పున పీల్పిస్తారు. ప్రతి విడత తర్వాత ముక్కు చీది, నోరు పుక్కిలించి, లోతు నుంచి దగ్గి డబ్బాలో వేయాలి. ప్రతి విడతకూ ఊపిరి కొలుస్తారు. 20 శాతం పడిపోతే అక్కడితో ఆపేస్తారు.

హెచ్చరికలు రెండు. ఈ ఉప్పు నీరు నాళాలను బిగించగలదు, కాబట్టి ఇంట్లో నెబ్యులైజర్‌లో ఉప్పు నీళ్లు పోసి ప్రయత్నించొద్దు. రెండోది, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రెండు వారాలు మించిన దగ్గు ఉంటే ముందు టీబీ పరీక్ష అయిపోవాలి. లేకపోతే ఆ గదిలోని వాళ్లందరినీ, మాతో సహా, ప్రమాదంలో పెడతారు.

ఎక్కువగా జరిగే తప్పు ఉమ్మిని కళ్లె అనుకోవడం. డబ్బాను వంచి చూడండి. పలచగా, నురగగా, నీళ్లలా జారితే ఉమ్మి. జిగటగా, తీగలా సాగి, చిన్న ముద్దలు కనిపిస్తే కళ్లె. శాంపిల్ రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి, అందుకే ఇంట్లో తీసి బస్సులో తెస్తే పనికిరాదు. ల్యాబులో దాన్ని కరిగించి, రంగు వేసి, 400 కణాలు లెక్కపెడతారు. ఈసినోఫిల్స్ 3 శాతం, అంతకు మించి ఉంటే స్టీరాయిడ్‌కు లొంగే రకం. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్ల కణాలు నిండా ఉంటే స్టీరాయిడ్ పెంచుతూ పోవడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. రిపోర్టులో నోటి చర్మపు కణాలు చాలా ఎక్కువ అని రాసి ఉంటే శాంపిల్‌లో ఉమ్మి కలిసినట్టే, ఆ శాతాలను నమ్మకండి.

8. ఫీనో ఒకటి చెప్పి రక్తం ఇంకోటి చెబితే

టెన్షన్ వద్దు, ఇది తరచూ జరిగేదే. ఫీనోను పెంచే సంకేతం ఒకటి, ఈసినోఫిల్స్‌ను పెంచే సంకేతం ఇంకొకటి. రెండూ పైన ఉంటే వాపు ఉందన్న నమ్మకం పెరుగుతుంది, ఎటాక్ ప్రమాదం కూడా ఎక్కువని లెక్క. ఒక్కటే పైన ఉంటే ముందు 2, 3 అంచెల్లో చెప్పిన తప్పులు జరిగాయేమో వెతకండి: స్టీరాయిడ్ ఇంజెక్షనా, పాలకూరా, పురుగులా, జలుబా. ఖరీదైన బయలాజికల్ ఇంజెక్షన్లు వాడేవాళ్లకు ఈ తేడా మామూలే. మెపోలిజుమాబ్, బెన్రాలిజుమాబ్ రక్తంలో ఈసినోఫిల్స్‌ను దాదాపు తుడిచేస్తాయి, ఫీనోను అంతగా కదపవు. డ్యూపిలుమాబ్‌తో తిరగబడుతుంది, ఫీనో దిగుతుంది, రక్తంలో ఈసినోఫిల్స్ కొన్నాళ్లు పెరగొచ్చు కూడా.

9. డబ్బులు ఎక్కడ పెట్టక్కర్లేదు

ఊపిరి ఆవిరిని చల్లబరిచి నీరుగా పట్టి పరీక్షించే పద్ధతి, వాసన పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్కు, ఇవి పరిశోధనల్లో ఉన్నాయి, మీ వైద్యానికి ఇప్పుడు అవసరం లేదు. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరగొచ్చు, ఆస్తమా వాపు ఉన్నా పెరగకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే న్యుమోనియాను చూపిస్తుంది, దీన్ని చూపించదు. వందల పదార్థాల అలర్జీ ప్యానెల్ మీకు వేటితో పడదో సూచిస్తుందేమో గానీ ఈ రోజు నాళంలో వాపుందో లేదో చెప్పదు. కరోనా అప్పుడు కొన్న ఆక్సిమీటర్ అందరిళ్లలోనూ ఉంది. 98 చూపిస్తున్నా లోపల వాపు ఉండొచ్చు, అది పడిపోయేసరికి ఆలస్యమైనట్టే.

10. మళ్లీ ఎప్పుడు

కొత్తగా ఇన్‌హేలర్ మొదలుపెట్టినా, డోసు మార్చినా, నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఫీనో మళ్లీ చూస్తే పోలిక తెలుస్తుంది. ఎప్పుడన్నది మీ డాక్టరు నిర్ణయం. అదే ల్యాబు, అదే మెషీన్, వీలైతే అదే వేళ. మెషీన్ మారితే నంబర్లు అచ్చంగా సరిపోవు, ఒకదాని 40 ఇంకోదాని 34 కావచ్చు. పాత రిపోర్టు తెచ్చుకోండి, ఫోన్లో ఫొటో అయినా ఫర్వాలేదు. పొద్దున జ్యూస్ తాగకుండా రండి.